బెత్తెడు బెత్తెడుగా నీలం

యాన్యువల్ డే దగ్గర పడుతోందంటే క్లాస్ గ్రూపుల్లో కాస్ట్యూమ్ మెసేజ్‌లు మొదలవుతాయి. మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. ఒక పాటకి ఎర్ర లంగా, ఇంకో పాటకి బంగారు రంగు బెల్టు, అబ్బాయిలకి తెల్ల పంచె. ఈసారి తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బృందానికి నది మీద నాట్యం వచ్చింది. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు దుపట్టాలు. మధ్యలో తెలుపు ఉండాలి, రెండు చివర్లకీ వెళ్ళేకొద్దీ నీలం ముదరాలి. బజారులో షేడెడ్ దుపట్టాలకి కొదవ లేదు గానీ, గులాబీ నారింజలోకి దిగేవీ, ఆకుపచ్చ పసుపులోకి దిగేవీ ఉన్నాయి. తెలుపు నుంచి నీలానికి దిగేది మాకు దొరకలేదు.

"ఇంట్లోనే రంగు వేసుకోలేమా?" అని గ్రూపులో నలుగురైదుగురు అడిగారు. వేసుకోవచ్చు. కాకపోతే ముందు గుడ్డ ఏదో తెలియాలి. వీడియోల్లో చూపించే బకెట్, చిటికెడు పొడి, ఐదు నిమిషాల్లో అద్భుతం, ఇవన్నీ చాలావరకు నూలు బట్ట మీద చేసినవే. మన పిల్లల కాస్ట్యూమ్‌లలో నూలు ఎంత ఉంటుందో మీకు తెలుసు.

షాపులో మనం అడిగే పేర్లు చూడండి. జార్జెట్, షిఫాన్, క్రేప్, శాటిన్. ఇవేవీ దారం పేర్లు కావు, నేత పేర్లు. పట్టుతో నేసినా జార్జెట్టే, పాలియెస్టర్‌తో నేసినా జార్జెట్టే. "ప్యూర్ జార్జెట్ అండీ" అని షాపతను అన్నప్పుడు "ఏ దారం?" అని అడిగి చూడండి. చాలాసార్లు సమాధానం రాదు. రంగుకి మాత్రం నేతతో పనిలేదు. దానికి కావలసింది దారం.

మామూలు గాలిలో ఉంచితే నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. నైలాన్ 4 శాతం దాకా పట్టుకుంటుంది. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. వానలో తడిసిన స్పోర్ట్స్ టీషర్ట్ ఇట్టే ఆరిపోవడానికీ, అదే టీషర్ట్ ఇంట్లో రంగు పట్టకపోవడానికీ కారణం ఒకటే. నీళ్ళే లోపలికి పోని దారంలోకి నీళ్ళలో కరిగిన రంగు ఎలా పోతుంది? అందుకే పాలియెస్టర్‌కి డిస్పర్స్ రంగులని వేరే జాతి ఉంది. అవి నీళ్ళలో సరిగా కరగవు, సన్నని పొడిగా తేలుతూ ఉంటాయి. వేడికి దారం లోపలి అమరిక కాస్త సడలినప్పుడు మెల్లగా లోపలికి చేరతాయి. మిల్లుల్లో ఈ పని ఒత్తిడి పెట్టిన యంత్రాల్లో 130 డిగ్రీల దగ్గర చేస్తారు. మన గిన్నెలో నీళ్ళు 100 దాటవు. ఆ రంగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అరగంట పైన తెర్లే నీళ్ళలో ఉంచితే లేత రంగులు వస్తాయి కూడా. ముదురు నీలం రావడం కష్టం. వాసన ఘాటుగా ఉంటుంది. పిల్లల్ని దగ్గర పెట్టుకుని చేసే పని కాదు. ప్రెషర్ కుక్కర్‌లో పెడితే వేడి పెరుగుతుంది కదా అని ఒకరు అడిగారు. పెరుగుతుంది, కానీ వంట చేసుకునే కుక్కర్‌లో ఆ పని వద్దేవద్దు.

మీ చేతిలో ఉన్నది పాలియెస్టర్ అయితే నా సలహా ఒకటే. రెడీమేడ్ కొనేయండి. ఆదివారం మిగులుతుంది.

నైలాన్ అయితే కథ వేరు. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం దాన్ని తయారు చేసింది. 1940లో ఆడవాళ్ళ మేజోళ్ళుగా బజారుకి వచ్చి, అంతవరకూ పట్టు ఉన్న చోట కూర్చుంది. పట్టులో, ఉన్నిలో అణువుల్ని కలిపే ముడి ఎలాంటిదో నైలాన్‌లో ఉన్నదీ అలాంటిదే. పోలిక అక్కడితో ఆగదు. పట్టుకి, ఉన్నికి వేసే యాసిడ్ రంగులే నైలాన్‌కీ పడతాయి. పేరు విని భయపడకండి. ఆ యాసిడ్ మన వంటింట్లో ఉండే వెనిగరే. పులుపు తగలగానే నైలాన్ దారంలో కొన్ని చోట్లు ధనావేశం తెచ్చుకుంటాయి, ఋణావేశం ఉన్న రంగు వెళ్ళి అక్కడ అతుక్కుంటుంది. మన పిల్లలు నోట్సులో రాసుకునే పాఠమే ఇది, గిన్నెలో జరుగుతుంది అంతే.

మరి ఈ రోజుల్లో నైలాన్ గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? మా ఇంట్లో అమ్మ పెట్టెలో దొరికింది. మీలో కొందరి ఇళ్ళలోనూ ఉండొచ్చు. మా చిన్నప్పుడు నైలాన్ చీరలు, నైలెక్స్ చీరలు కట్టని ఆడవాళ్ళు తక్కువ. ఉతికితే గంటలో ఆరేవి, ఇస్త్రీ అక్కర్లేదు, బస్సు ప్రయాణానికి హాయి. అమ్మ దగ్గర ఉన్నది పువ్వు గానీ, అంచు గానీ లేని తెల్లటి చీర. నాన్న కొన్నది. నాన్న పోయాక అమ్మ ముదురు రంగులు కట్టడం మానేసింది. మానమని ఎవరూ అనలేదు, కట్టమని అడిగితే నవ్వి ఊరుకునేది. ఈ తెల్లచీర మాత్రం ఏడాదికి రెండుసార్లు తీసి, ఉతికి, మళ్ళీ మడిచి పెట్టేది.

ఆ చీర మనవరాలికి ఇస్తానని తనే అంది. నేనే తటపటాయించాను. దుపట్టాకి 2.25 మీటర్లు కావాలి, అంటే చీర కొయ్యాలి. కోసినదాన్ని మళ్ళీ అతకలేం, వేసిన రంగుని మళ్ళీ తీయలేం. "లోపలి కొస నుంచి కొయ్యి. కొంగు జోలికి మాత్రం పోవద్దు" అంది అమ్మ. అంతకు మించి షరతుల్లేవు.

కత్తెర పెట్టేముందు అది నిజంగా నైలానేనా అని తేల్చుకోవాలి. చాలామంది దారం కాల్చి చూడమంటారు. నూలయితే కాగితంలా కాలి బూడిదవుతుంది, సింథటిక్ అయితే కరిగి పూసలా గట్టిపడుతుంది. కానీ నైలాన్ పూసకీ పాలియెస్టర్ పూసకీ తేడా పట్టడం కష్టం. పైగా కరిగిన బొట్టు వేలి మీద పడితే చర్మాన్ని అంటిపెట్టుకుని కాలుస్తుంది. ఈ మాట ఇక్కడే గట్టిగా చెప్పనివ్వండి. సింథటిక్ దుపట్టా వేసుకున్న పిల్లల చేతికి స్టేజీ మీద వెలిగించిన దీపం ఇవ్వకండి. స్వాగత నృత్యానికి బ్యాటరీ దీపాలు చాలు.

మాకు దారి చూపింది మా అమ్మాయి సైన్సు పుస్తకం. నైలాన్ సాంద్రత 1.14, పాలియెస్టర్‌ది 1.38, నూలుది 1.5 దాటుతుంది. మామూలు నీళ్ళలో మూడూ మునుగుతాయి. ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్ళ సాంద్రత 1.2 దగ్గర ఉంటుంది. అంటే ఆ నీళ్ళలో నైలాన్ ఒక్కటే తేలాలి. చీర లోపలి మడతలోంచి గోరంత ముక్క, పాత స్పోర్ట్స్ టీషర్ట్ ముక్క, నూలు లంగా ముక్క కత్తిరించాం. దారాల మధ్య గాలి బుడగలుంటే ఏ గుడ్డయినా తేలుతుంది. అందుకని మూడింటినీ సబ్బుచుక్క వేసిన వేడినీళ్ళలో నానబెట్టి, బాగా పిండి, ఉప్పునీళ్ళ గ్లాసు అడుగుకి గరిటెతో నొక్కి వదిలాం. రెండు ముక్కలు అక్కడే ఉండిపోయాయి. చీర ముక్క నింపాదిగా పైకి వచ్చింది. "అమ్మమ్మా, పాసయ్యావు!" అని అరిచింది మా అమ్మాయి. ఈ సంగతి గ్రూపులో పెట్టాక ఆ వారం మా ఇంట్లో ఉప్పు బాగానే ఖర్చయింది. పక్క అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన ఐదు గుడ్డల్లో తేలింది ఒక్కటే.

రంగు సంగతి. లూజుగా, పేరూ ఊరూ లేని పొట్లాల్లో అమ్మే పొడి కొనకండి. శరీరంలో హానికర పదార్థాలుగా విడిపోయే కొన్ని అజో రంగుల్ని మన దేశంలో 1990లలోనే నిషేధించారు. లేబుల్ లేని పొట్లంలో ఏముందో మనకెలా తెలుస్తుంది? పట్టుకి, నైలాన్‌కి అని రాసి ఉన్న యాసిడ్ డై కొనండి. ట్రయల్ కోసమైతే ఫుడ్ కలర్ చాలు. నీలం ఫుడ్ కలర్‌లో ఉండే బ్రిలియంట్ బ్లూ ఈ జాతి రంగే. వెనిగర్ కలిపిన వేడినీళ్ళలో నైలాన్‌కి చక్కగా పడుతుంది. ఉతుకులకి అంత గట్టిగా నిలవదు గానీ, పిల్లలు చెయ్యి తిప్పుకోవడానికి బాగుంటుంది.

ఎంత పొడి అన్నది గుడ్డ బరువుని బట్టి ఉంటుంది. మా ముక్క కిచెన్ తూకంలో 90 గ్రాములు తూగింది. లేత రంగుకి గుడ్డ బరువులో ఒక శాతం లోపు, ముదురుకి రెండు మూడు శాతం. మాకు సగం గుడ్డ లేతగానే ఉండాలి కాబట్టి ఒక గ్రాము తీసుకుని, గ్లాసుడు వేడినీళ్ళలో కరిగించి పక్కన పెట్టాం. పొడి కలిపేటప్పుడు మాస్కు, గ్లవ్స్, ఫ్యాను ఆపడం తప్పనిసరి. ఆ పని పెద్దవాళ్ళదే. గిన్నె స్టీలుది కావాలి. అల్యూమినియంతో పులుపుకి పడదు. రంగు వేసిన గిన్నె మళ్ళీ వంటకి పనికిరాదు కాబట్టి పాతది చూసుకోండి. మేము బాల్కనీలో చిన్న పీట మీద ఇండక్షన్ స్టవ్ పెట్టాం. గిన్నె కింద ఉంటే కర్రకి వేలాడే గుడ్డని నిలబడి ఎత్తొచ్చు, ఆవిరి ముఖానికి కొట్టదు.

ఇక అసలు పని. షేడ్ అంటే ఏమిటో నాకు ట్రయల్ పట్టీల దగ్గరే అర్థమైంది. దుపట్టా కోసిన పక్కనుంచి మూడు సన్నని పట్టీలు తీసి, ముందు వాటి మీద చేయమని మా అమ్మాయికి ఇచ్చాను. మొదటిది పొడిగా ముంచి, కదపకుండా పట్టుకుంది. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ గీత పడింది, చెరువు గట్టు మీద నీటి మట్టం గుర్తులాగా. రెండోది తడిపి ముంచింది. గీత మెత్తబడింది గానీ పోలేదు. మూడోదాన్ని తడిపి, ముంచి, బెత్తెడు మేర కిందికీ పైకీ ఆడిస్తూ ఉంది. గీత లేదు. గుడ్డ ఒక్క క్షణం ఆగినా రంగు ఆ చోటు రాసి పెట్టుకుంటుంది. వెనిగర్ ముందే పోస్తే నైలాన్ రంగుని గబుక్కున లాగేసుకుంటుందనీ, మరకలు కడుతుందనీ కూడా ఆ పట్టీల మీదే తేలింది. పులుపు చివర్లో, కొంచెం కొంచెంగా పోయాలి.

దుపట్టాని సబ్బుతో ఉతికి, తడిగానే సగానికి మడిచి, మడత దగ్గర కర్టెన్ కర్రకి వేలాడదీశాం. అలా చేస్తే రెండు చివర్లూ ఒకేసారి మునుగుతాయి. కొలత ఎలా అంటే, అమ్మ నాలుగు వేళ్ళు ఆనించింది. ప్రతి బెత్తెడుకీ అంచున తెల్లదారంతో ఒక కుట్టు వేశాం. కింది నుంచి పది బెత్తెలు నీలానికి, పైన మిగిలింది తెలుపుకి. కాగితం మీద పది గీతలు గీసి, ఒక్కో దానికి ఎన్ని నిమిషాలో రాసి మా అమ్మాయి గోడకి అతికించింది. గడియారం బాధ్యత అమ్మది. గిన్నె, వేడి, రంగు నావి. కర్ర మా అమ్మాయిది.

ఆరు లీటర్ల నీళ్ళు, చెయ్యి పెట్టలేనంత వేడి. కరిగించిన రంగులో మొదట నాలుగో వంతే పోశాం. ఎందుకంటే మొదటి మునక పది బెత్తెలకీ తగులుతుంది. అప్పుడే చిక్కటి రంగు ఉంటే పైన లేత నీలం అన్న మాటే ఉండదు. పది బెత్తెలూ దించి అర నిమిషం. ఒక బెత్తెడు పైకి లేపి రెండు నిమిషాలు. ఇంకో బెత్తెడు, ఇంకో రెండు నిమిషాలు. మధ్యమధ్య గుడ్డని పూర్తిగా పైకి తీసి, గడియారం ఆపి, ఇంకాస్త రంగు, ఒక చెంచా వెనిగర్ కలిపి, మళ్ళీ అదే గుర్తు దాకా దించాం. గుడ్డ గిన్నెలో ఉండగా రంగు పోస్తే పోసిన చోట మచ్చ పడుతుంది. ఎంతసేపైనా కర్ర కదులుతూనే ఉండాలి.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మూడో బెత్తెడు దాటాక ఓపిక పోతుంది. "అయిందా అమ్మమ్మా?" "ఇంకా ముప్పై సెకన్లు." "నా చెయ్యి లాగుతోంది." "ఇటు మార్చుకో." పరీక్షల ముందు అరగంట ఒకచోట కూర్చోమంటే వంద సాకులు చెప్పే పిల్ల ఆ కర్ర వదల్లేదు. తొందరపెట్టి లాభం లేని పని అది. నీలం ఎక్కువ కావాలంటే నిమిషాలు ఎక్కువ పెట్టాలి, ఇంకో దారి లేదు. నేను కాసేపు పట్టుకుంటానంటే "నీ చేతి వేగం వేరు, తేడా వస్తుంది" అంది. నిజమే.

అడుగు మూడు బెత్తెలే మిగిలాక వేడి పెంచాం. నీళ్ళు తెర్లకూడదు, అడుగున చిన్న బుడగలు లేస్తే చాలు. మిగిలిన రంగంతా పోసి, ఇంకో రెండు చెంచాల వెనిగర్ వేసి, ఇరవై నిమిషాలు. చివరికి గిన్నెలో నీళ్ళు దాదాపు తేటపడ్డాయి. రంగంతా గుడ్డలోకి వెళ్ళిందనడానికి అదే గుర్తు. అది చూసి మా అమ్మాయి ముచ్చట పడినంతగా దుపట్టా చూసి కూడా పడలేదు.

తీయగానే చన్నీళ్ళలో వేయకండి. వేడి నైలాన్ ఒక్కసారిగా చల్లబడితే ముడతలు అలాగే బిగిసిపోతాయి, తర్వాత ఇస్త్రీకి కూడా లొంగవు. గోరువెచ్చటి నీళ్ళతో మొదలుపెట్టి మెల్లగా చల్లబరచాలి. జాడించేటప్పుడు తెల్ల భాగం పైన, నీలం కింద ఉండేలా పట్టుకుని పై నుంచి నీళ్ళు పోయాలి. నీలం నీళ్ళు తెల్ల వైపు పారాయంటే ఇంతసేపటి పనీ వృథా. లేత భాగంలో రంగు కొంత జాడింపులో పోతుంది. అది లెక్కలో పెట్టుకునే ఆపాలి. పిండకుండా, ముదురు చివర్లు కిందికి వచ్చేలా నీడలో దండెం మీద వేశాం. ఎండ నైలాన్‌కి మంచిది కాదు. తడిసినప్పుడు రంగు ముదురుగా కనిపించి ఆశపెడుతుంది, ఆరాక ఒక మెట్టు తగ్గుతుంది. మాది ఆరాక కూడా బాగుంది. ఎక్కడ మొదలైందో చెప్పలేని నీలం.

గిన్నెలో మిగిలిన నీళ్ళు బాత్రూం కాలువలో ఎక్కువ నీళ్ళతో కలిపి పోయండి, మొక్కలకి వద్దు. స్టేజీ మీద పిల్లలకి చెమట పడుతుంది కాబట్టి, వేసుకునే ముందు తడిపిన తెల్ల రుమాలుతో ముదురు భాగాన్ని గట్టిగా రుద్ది చూడండి. రుమాలుకి నీలం అంటితే ఇంకోసారి జాడించాలి. ఆ దుపట్టాని ఎప్పుడూ విడిగానే ఉతకాలి.

రిహార్సల్‌కి వెళ్ళాక తెలిసింది, పన్నెండు దుపట్టాల్లో ఏ రెండూ ఒక్కలా లేవని. కొన్నవి, కుట్టించినవి, మాలాగే ఇంట్లో ముంచినవి. డాన్స్ టీచర్ చూసి, "నదిలో నీళ్ళన్నీ ఒకే రంగులో ఉంటాయా ఏమిటి?" అని వరస మార్చి నిలబెట్టారట.

మర్నాడు అమ్మ మిగిలిన చీర ముక్క తీసుకొచ్చి మంచం మీద పరిచింది. మూడు మీటర్ల చిల్లర, కొంగుతో సహా. "దీన్ని చీరగా కట్టుకునేది లేదు. గుడికెళ్ళేటప్పుడు భుజాన వేసుకోవడానికి పనికొస్తుంది" అంది. కొంగు చివర వేళ్ళు ఆనించి కొలిచింది. "దీనికీ వేసి పెట్టండి. అంత ముదురు వద్దు. దాని మీద పై నుంచి మూడో బెత్తెడు దగ్గర ఏ రంగుందో, అంత చాలు."

మా అమ్మాయి గోడ మీది కాగితం చూసి వచ్చింది. "నాలుగున్నర నిమిషాలు అమ్మమ్మా. ఈ ఆదివారం చేద్దాం. గడియారం మళ్ళీ నీదే."